విప్పే రోజు

వికారాబాద్ ఊరు దాటి అనంతగిరి కొండ ఎక్కే దారిలో ఒక సైకిల్ దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక రేకుల షెడ్డు, దాని ముందు ఒక వేపచెట్టు. ఒకప్పుడు పాలవాళ్ల సైకిళ్లకు, బడిపిల్లల సైకిళ్లకు పంక్చర్లు వేసి బతికిన ఉస్తాద్, హైదరాబాద్ నుంచి శని ఆదివారాల్లో కొండ సైకిళ్ల వాళ్లు రావడం మొదలయ్యాక ఆ పనీ నేర్చుకున్నాడు. మూసీ పుట్టిన కొండ అది. అంతా ఎర్రమట్టి, గుండ్లు, అడవి బాటలు. వానాకాలంలో ఆ మట్టి సైకిల్‌కు పట్టిందంటే ఓ పట్టాన వదలదు.

ఉస్తాద్ దగ్గర ఇద్దరు శిష్యులు. పెద్దోడి చేతుల్లో మంచి బలం. వాడు బిగించిన బోల్టు ఊడిందని ఒక్కరూ వెనక్కి వచ్చింది లేదు. అదే వాడి గొప్ప. ఆ గొప్పను దాచుకునే అలవాటు వాడికి లేదు. చిన్నోడిది నిదానం. ప్రతి మరకూ గ్రీజు రాస్తాడు, ప్రతి బోల్టునూ ముందు వేళ్లతో తిప్పి, మర సరిగ్గా కూర్చుందనుకున్నాకే పానా పడతాడు. గిరాకీలకు పెద్దోడంటేనే గురి. చిన్నోడి ముందు నిలబడితే పొద్దుపోతుందని వాళ్ల బాధ.

ఉస్తాద్‌కు మోకాళ్లు అరిగాయి. దుకాణం ఎవరికో ఒకరికి అప్పగించి ఇంటిపట్టున ఉందామనుకున్నాడు. ఎవరికిస్తావని ఊళ్లోవాళ్లు అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

జూన్ నెలలో, తొలకరికి ముందు, ఇద్దరు స్నేహితులు ఒకే రకం సైకిళ్లతో వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే రకం పెట్టెలు. అందులో క్లిప్‌లెస్ పెడళ్లు. బూటు అడుగున బొటనవేలంత ఉక్కు ముక్క రెండు బోల్టులతో కూర్చుంటుంది, దాన్ని క్లీట్ అంటారు. పెడల్‌కు రెండు దవడలు, వాటి వెనక స్ప్రింగ్. క్లీట్‌ను ముందు దవడలో పెట్టి కిందికి తొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. మడమను బయటికి తిప్పితే వదులుతుంది. గతుకుల్లో కాలు జారదు, ఎత్తులు ఎక్కేటప్పుడు కాలి సత్తువ వృథా పోదు.

ఉస్తాద్ ఒక సైకిల్ పెద్దోడికి, ఒకటి చిన్నోడికి అప్పజెప్పాడు.

"నేను వేలు పెట్టను. ఎవని పని వాడు చెయ్యుండ్రి. వీళ్లు వానలు పోయినంక దసరాకు మళ్లొస్తరు. అప్పుడు చూస్త."

"ఇప్పుడే చూడు ఉస్తాద్" అన్నాడు పెద్దోడు.

"ఇయ్యాల చూసేదేముంది? ఇద్దరూ బిగిస్తరు."

పెద్దోడు పని ఎరగనివాడు కాదు. కుడి పెడల్‌కు మామూలు మర, ఎడమ పెడల్‌కు తలకిందుల మర ఉంటుందని వాడికి తెలుసు. ఎటువైపు పెడలైనా పానాను పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు లాగితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది. ఈ లెక్క వాడికి నిద్రలో అడిగినా వస్తుంది. అందుకని మర తప్పలేదు. పెడల్ ఇరుసును, అది కూర్చునే క్రాంకు చేయి రంధ్రంలో పెట్టి నాలుగు చుట్లు తిప్పి, పదిహేను నంబరు పానా తగిలించి, ఇక తిరగదనుకున్నాక ఇంకో పావు చుట్టు తిప్పాడు. పానా మీద కాలు పెట్టి ఒక్క తొక్కు కూడా తొక్కాడు.

"గ్రీజు రాయవా అన్నా?" అని చిన్నోడు అడిగితే, "గ్రీజు రాస్తే జారిపోతది తమ్మీ. ఉక్కును ఉక్కే పట్టాలె" అన్నాడు.

పట్టాల్సింది ఉక్కు ఉక్కును కాదు. ఇరుసు ఉక్కుదే, క్రాంకు మాత్రం అల్యూమినియం. ఈ రెండు లోహాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట తడి చేరితే అల్యూమినియం తుప్పు పడుతుంది, ఆ తుప్పు పొడి మర సందుల్లో గట్టిపడి రెండింటినీ కరిపించేస్తుంది. గ్రీజు అడ్డముంటే తడి అక్కడిదాకా రాదు. ఆ సంగతి వాడు వినలేదో, విన్నా పట్టించుకోలేదో.

పెడల్ దవడల బిగువును మార్చడానికి చిన్న మరచీల ఉంటుంది, మూడు నంబరు ఎలన్ కీ పడుతుంది. ఒక్కో పెడల్‌కు రెండు ముఖాలు కాబట్టి మొత్తం నాలుగు చీలలు. పెద్దోడు నాలుగింటినీ చివరిదాకా తిప్పేశాడు. గిరాకీ కాలు జారితే పేరు పోయేది తనదని వాడి భయం. క్లీట్ బోల్టులూ అంతే, నాలుగు నంబరు ఎలన్ కీతో పళ్లు బిగబట్టి బిగించాడు. గంటలోపు పని అయిపోయింది.

చిన్నోడు ముందు గొలుసును పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కించాడు. పానా జారితే వేళ్ల కణుపులు పళ్లకు కోసుకుపోకుండా ఉంటాయని. క్రాంకు మరలో పాత మురికిని గుడ్డతో తుడిచాడు. ఇరుసు మర నిండా గ్రీజు రాశాడు. వేళ్లతోనే చివరిదాకా తిప్పి, ఆ తర్వాత గోడకు వేలాడుతున్న, బిగింపును కొలిచే టార్క్ రెంచ్ తీసి 40 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాడు. ఆ రెంచ్‌ను ఉస్తాద్ కొన్నాక ముట్టింది వాడొక్కడే.

నాలుగు చీలలనూ పూర్తిగా వదులు చేసి, ఒక్కోదాన్నీ ఒకే లెక్కగా రెండేసి టిక్కులు బిగించాడు. ఒక ముఖం గట్టిగా, ఒక ముఖం వదులుగా ఉంటే కాలు ఏ ముఖం మీద పడిందో తెలియక సవారీ చేసేవాడు తికమక పడతాడు. తర్వాత గిరాకీని బూట్లు వేసుకుని నిలబడమన్నాడు. బొటనవేలి మొదట్లో పాదం అడుగున తగిలే ఎముకను బూటు మీంచే వేలితో తడిమి, సరిగ్గా దాని కిందికి వచ్చేలా క్లీట్‌ను జరిపాడు. ఇక బోల్టులు. ఆ పెద్ద టార్క్ రెంచ్ అంత చిన్న బిగింపును కొలవలేదు. బోల్టుకు కావలసింది 5, 6 న్యూటన్ మీటర్లు మాత్రమే. గట్టిగా తిప్పితే బూటు అడుగున ఉన్న మర పాడవుతుందేమోనని జంకి, చేతికి తగిలినంత తిప్పి వదిలేశాడు.

ఆఖరున గిరాకీని సైకిల్ మీద కూర్చోబెట్టి వేపచెట్టు మాను పట్టుకోమన్నాడు.

"సార్, ఎక్కించుడు తర్వాత. ముందు ఇడిపించుడు నేర్చుకో. మడమ బయటికి తిప్పు. మల్ల పెట్టు. మల్ల తిప్పు. ఆగాలని అనుకున్నప్పుడు కాదు, ఆగకముందే కాలు ఇడిపియ్యాలె."

గిరాకీకి విసుగొచ్చేదాకా వదల్లేదు. పోయేటప్పుడు పాత పళ్ల బ్రష్ ఒకటి చేతిలో పెట్టి, బురదలో తిరిగినప్పుడల్లా దవడల సందులో, క్లీట్ చుట్టూ మట్టి తీసెయ్యమని, ఆరాక స్ప్రింగ్ మీద, దవడ కీలు మీద చుక్క నూనె వేసి పైపైది తుడిచెయ్యమని చెప్పాడు. మట్టి గట్టిపడితే క్లీట్ సరిగ్గా కూర్చోదు, కూర్చున్నది సరిగ్గా లేవదు. నీళ్ల పైపును ఇరుసు సందులోకి కొట్టొద్దని కూడా అన్నాడు. లోపలి బేరింగుల గ్రీజు కొట్టుకుపోతుంది కనుక.

వానలు మొదలయ్యాయి.

పెద్దోడి గిరాకీ మొదటి వారమే పడ్డాడు. రాళ్ల ఎత్తు ఎక్కుతూ మధ్యలో సైకిల్ ఆగిపోయింది, ఎంత తిప్పినా కాలు రాలేదు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎడమవైపు ఒరిగి పడి మోచెయ్యి గీరుకున్నాడు. దుకాణానికి వచ్చి అడిగితే పెద్దోడు "అలవాటైతే సరిపోతది సార్" అన్నాడు. ఆయన మిత్రుడి మాట విని ఇంటి దగ్గరే ఆ నాలుగు చీలలూ వదులు చేసుకున్నాడు. ఆ తర్వాత కాలు మామూలుగానే వచ్చింది. కోపం తగ్గి, ఆ సంగతి మరిచిపోయాడు.

చిన్నోడి గిరాకీ ఆగస్టులో ఒక ఆదివారం దుకాణం ముందుకు వచ్చిన తీరు చూసి పెద్దోడు పడీపడీ నవ్వాడు. ఆయన ఒక కాలికి బూటు, ఒక కాలికి తడిసిన సాక్సుతో సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. రెండో బూటు పెడల్‌కే వేలాడుతోంది. వాగు దగ్గర ఆగబోయి మడమ తిప్పితే బూటు తిరిగింది కానీ పెడల్ వదల్లేదు. ఇంకా తిప్పితే ఇంకా తిరిగింది. చివరికి బూటు పట్టీలు ఊడదీసి కాలు మాత్రం బయటికి లాక్కున్నాడు.

చిన్నోడు పెడల్ వెనక దవడను స్క్రూడ్రైవర్‌తో వెనక్కి నెట్టి, బూటును విడిపించి తిరగేసి చూశాడు. క్లీట్‌కు ఉండాల్సిన రెండు బోల్టుల్లో ఒకటి లేదు. రెండోది వేలితో తిరుగుతోంది. ఒక్క బోల్టు మీద క్లీట్ గిర్రున తిరుగుతుంటే, మడమ తిప్పిన బలం దవడలకు చేరేదెక్కడ? బూటు ఒక్కటే తిరుగుతుంది, క్లీట్ ఉన్నచోటే ఉంటుంది. చిన్నోడి ముఖం నల్లబడింది. ఏమీ దాచకుండా "తప్పు నాదే సార్" అన్నాడు. ఎలన్ కీతో మెల్లగా మిగిలిన బోల్టు తీసి, రెండు కొత్త బోల్టులకు గ్రీజు రాసి, ఈసారి జంకకుండా బిగించాడు. రెండో బూటువీ చూశాడు. బూట్లు తొడిగించి, మళ్లీ చెట్టు పట్టుకోమని పదిసార్లు తిప్పించాడు. ఉస్తాద్ అంతా చూశాడు, ఏమీ అనలేదు.

దసరా వచ్చింది. ఇద్దరు మిత్రులూ సైకిళ్లు తెచ్చారు. వానాకాలం పోయాక పెడళ్లు విప్పి, బేరింగులు చూసి, గ్రీజు మార్చడం మంచి పద్ధతి. ఉస్తాద్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"బిగిచ్చుడు జూన్ల చూసిన. ఇప్పుడు ఇప్పుండ్రి."

చిన్నోడు గొలుసు పెద్ద చక్రం మీద వేశాడు. పానా తగిలించి అరచేత్తో ఒక్క నెట్టు నెట్టాడు. చిన్న చప్పుడైంది. మిగతాది వేళ్లతోనే తిరిగి వచ్చేసింది. మర మీద గ్రీజు కాస్త నల్లబడింది, అంతే. రెండో పెడలూ అలాగే వచ్చింది.

పెద్దోడు పానా పెట్టి నెట్టాడు. కదల్లేదు. కాలు పెట్టి తొక్కాడు. కదల్లేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి దాని చివర వేలాడాడు. కుడి పెడల్ కీచుమని అరిచి వదిలింది. ఎడమది కూడా చివరికి వచ్చింది, కానీ ఒట్టిగా రాలేదు. ఇరుసు మర పళ్ల మధ్య మెరుస్తున్న అల్యూమినియం చుట్టలు చుట్టలుగా చిక్కుకుని ఉంది. క్రాంకు రంధ్రంలోకి వేలు పెడితే నున్నగా తగిలింది. మర మొత్తం పెడల్‌తోపాటే వచ్చేసింది. ఇక ఆ క్రాంకుకు ఏ పెడలూ పట్టదు. హైదరాబాద్ తీసుకెళ్లి కొత్త మర బుష్షన్నా వేయించాలి, లేదా క్రాంకే మార్చాలి.

పెద్దోడు చెమట తుడుచుకుని అన్నాడు: "అయినా ఉస్తాద్, నేను బిగిచ్చింది ఊడలే. వాడు బిగిచ్చిన బోల్టు ఊడింది. గిరాకీ ఒంటి బూటుతోని వచ్చిండు. అది నువ్వు చూసినవ్."

"చూసిన" అన్నాడు ఉస్తాద్. "తప్పు ఇద్దరూ చేసిండ్రు. వాని తప్పు దిద్దనీకె ఎంతసేపు పట్టింది? నేను తాగుతున్న చాయ్ చల్లారలే. నీ తప్పు దిద్దాలంటే క్రాంకే మార్చాలె. ఎందుకంటే నువ్వు చేసేటప్పుడే దిద్దే తొవ్వ మూసేసినవ్. ఇంకోటి చెప్త, ఇను. తొక్కుతుంటే పెడల్ దానంతట అది ఊడకుండనే గా ఎడమ మర పెట్టిండ్రు. నువ్వు ఎక్కి తొక్కాల్సిన పని ఎక్కడిది?"

తర్వాత చిన్నోడి వైపు తిరిగాడు.

"నువ్వు ఉబ్బకు. నువ్వు మర పాడైతదని జంకి వదులుగ పెట్టినవ్. క్లీట్ బూటును గట్టిగ పట్టుకుంటేనే కాలు పెడల్‌ను ఇడుస్తది. ఇడుపు ఉండాల్సింది పెడల్ దవడల, బోల్టుల కాదు. ఈ మాట మరిస్తే నీ గిరాకీలు వాగుల పడతరు."

ఆ సాయంత్రం దుకాణం తాళాలు చిన్నోడి చేతిలో పెట్టాడు. క్రాంకు ఖర్చు తనే భరించాడు. పెద్దోడు అలిగి రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, గ్రీజు డబ్బా ఎక్కడ పెట్టావని తమ్ముణ్ని అడిగాడు.

నీతి

బిగించేవాడు విప్పే రోజును కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఈ కథలో ఇద్దరూ పనిమంతులే, ఇద్దరూ పొరపాటు పడ్డారు. మనుషులన్నాక పొరపాటు తప్పదు కనుక, పని మంచిచెడ్డలను పొరపాటు జరిగిందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చలేం. జరిగిన పొరపాటును సరిదిద్దే దారి ఆ పనిలోనే మిగిలి ఉందా అన్నది చూడాలి. చిన్నోడు రాసిన గ్రీజు జూన్‌లో ఎవరికీ అక్కరకు రాలేదు. దాని విలువ దసరాకు తెలిసింది.

ఈ పెడల్ పుట్టుకలో కూడా ఇదే బుద్ధి కనిపిస్తుంది. ఒకప్పుడు పందేల సైకిళ్ల మీద పాదాన్ని ఇనుప పంజరంలో దూర్చి తోలుపట్టీతో కట్టేవాళ్లు. కాలు తీయాలంటే వంగి చేత్తో పట్టీ వదులు చేయాలి. అందులోంచి విడుదల చేసే పెడల్‌ను 1984లో బాగా నడిచే సరుకుగా మార్కెట్లోకి తెచ్చింది ఫ్రాన్స్‌లోని లుక్ సంస్థ. ఆ మరుసటి ఏడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. లుక్ వాళ్లు అంతకుముందు చేస్తున్నది మంచు మీద జారే స్కీలకు బూట్లను పట్టి ఉంచే బైండింగులు. ఆ బైండింగ్ బూటును గట్టిగా పట్టుకోవాలి, మనిషి పడితే మాత్రం కాలు విరగకముందే వదిలేయాలి. అలా పడేవాడి గురించి ఆలోచించడం అలవాటైన వాళ్లు చేశారు కాబట్టే ఆ పెడల్‌కు పట్టుతోపాటు విడుపూ వచ్చింది. 1990లో జపాన్‌కు చెందిన షిమానో దాన్ని కొండ సైకిళ్లకు తగినట్టు మలిచింది. క్లీట్‌ను చిన్నది చేసి బూటు అడుగున గుంటలో దాచింది, సైకిల్ దిగి నడవాల్సి వచ్చినా నడిచేలా. ఎడమ పెడల్ మర సంగతీ ఇలాంటిదే. విమానం ఎగరేయకముందు సైకిల్ కొట్టు నడిపిన రైట్ సోదరులు, ఊడిపోని పెడల్ అని 1900లో చాటుకున్నది ఈ తలకిందుల మర పెట్టిన పెడల్‌నే. మర దిశ సరిగ్గా ఉంటే మనిషి బలప్రదర్శన చేయనక్కర్లేదు.

బతుకులో మనం బిగించే బోల్టులు తక్కువేమీ కావు. అన్నదమ్ములిద్దరూ కలిసి వ్యాపారం పెడతారు. విడిపోవాల్సి వస్తే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోవడానికి మొహమాటపడతారు. రాసుకుంటే నమ్మకం లేనట్టట. పదేళ్లకు కోర్టు మెట్ల దగ్గర వ్యాపారంతోపాటు అన్నదమ్ముల వరసా ఊడి వస్తుంది. స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టేవాడు, అతను కట్టకపోతే ఏమిటన్న ప్రశ్నను అమంగళమని పక్కకు నెడతాడు. కోపంలో "ఇక నీ గడప తొక్కను" అన్నవాడు, రేపు ఆ ఇంట్లో పెళ్లో చావో జరిగితే ఏ ముఖంతో వెళ్లాలో ఆలోచించడు. వీళ్లందరిదీ పెద్దోడి బలమే. ఊడకపోవడమే గట్టిదనం అనుకుంటారు.

అయితే దీన్ని అడ్డం పెట్టుకుని ఎక్కడా కట్టుబడకుండా తిరిగేవాళ్లూ ఉంటారు. మాట ఇవ్వరు, ఇచ్చినా సగమే ఇస్తారు, ఎప్పుడైనా తప్పుకోవచ్చని. వాళ్లకు చిన్నోడి గిరాకీ ఒంటి బూటు గుర్తు చేయాలి. రెండు బోల్టులూ బిగిసి ఉన్నంతకాలమే ఆ కాలికి స్వేచ్ఛ ఉంది. బోల్టు వదులైన రోజే కాలు ఇరుక్కుంది. పట్టు ఉండాల్సిన చోట పట్టు, విడుపు ఉండాల్సిన చోట విడుపు ఉండాలి. రెండింటి చోట్లూ తారుమారైతే రెండూ పోతాయి.

ఇది చదివేవాళ్లలో క్లిప్‌లెస్ పెడళ్లు ఉన్నవాళ్లుంటే ఒక్క మాట. పెడళ్లు బిగించి ఏడాది దాటి ఉంటే ఈ ఆదివారం గొలుసును పెద్ద చక్రం మీద వేసి, పానాను వెనక చక్రం వైపు లాగి విప్పండి. మర తుడిచి, గ్రీజు రాసి, వేళ్లతో తిప్పి, మళ్లీ బిగించండి. క్లీట్ బోల్టులు నాలుగూ చూడండి. ఇరుసును వేళ్లతో తిప్పినప్పుడు గరగరమంటే బేరింగులు చూపించండి. అలాంటి పెడళ్లు లేనివాళ్లు, మీరు ఈ మధ్య ఎక్కడెక్కడ గట్టిగా బిగించి వచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి. గ్రీజు రాయడానికి ఇంకా వేళ మించిపోలేదు.